పళ్ళు చూసే చెయ్యి

మూసీకి తుగ్యానీ వచ్చిన అరవై తొమ్మిదో ఏడది. గౌలిపురాలో మా ఈడు వాళ్ళం ఏ సంగతినైనా ఆ వరద నుంచే లెక్కపెడతాం. నేను వరద తర్వాత రెండో ఏట పుట్టాను. చంద్రమ్మ ఎన్నో ఏట పుట్టిందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ రోజే తెలిసింది. బతుకమ్మలు నీళ్ళలో కలిసిన వారానికి, ఒక మంగళవారం పొద్దున, మలక్‌పేటలో రేసుకోర్సు దాటాక ఉన్న ఒక చిన్న పళ్ళ దవాఖానాలో ఆకుపచ్చ పరదా నా ముందు సర్రున మూసుకుంది. పరదా వెనక నా భార్య చంద్రమ్మ ఉంది, ఆమె మీదికి వంగి తెల్లకోటు డాక్టరు అమరనాథ్ ఉన్నాడు, ఇవతల చెక్క బెంచీ మీద నేనూ, నా మరదలు ఆండాలూ ఉన్నాం. గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది. అది నడుస్తోందా, ఊరికే తగిలించారా అని కాసేపు చూశాను. నడుస్తోంది.

నన్ను ఎవరూ రమ్మనలేదు. ఇళ్ళల్లో పాలు పోసి వచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ గల్లీ మొదట్లో రిక్షా ఎక్కుతున్నారు, చంద్రమ్మ కొంగు ఎడమ చెంపకు అడ్డం పెట్టుకుంది. ఎక్కడికని అడగకుండా నేనూ ఎక్కాను. ముగ్గురం పట్టలేదు, ఆండాలు విసుక్కుంది, నేను దిగలేదు. చెంప వాచి అప్పటికి మూడు రోజులు. కందిరీగ కుట్టిందని చెప్పింది చంద్రమ్మ. కందిరీగ వాపు రెండో రోజుకు తగ్గుతుంది, ఇది తగ్గకపోగా కన్ను దాకా ఎక్కింది, అయినా నేను అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు. చూడడమే అలవాటు. చూసి మనసులో పెట్టుకోవడం, సమయం వచ్చినప్పుడు చెయ్యవలసింది చెయ్యడం, ఇంతే నేను నేర్చింది. మూడో తరగతితో బడి ఆగిపోయాక కొట్టమే నాకు బడి, అక్కడ మాటలతో పని లేదు. బర్రె తన నొప్పి చెప్పదు. మనమే కనిపెట్టాలి. మనిషి చెప్పేది మాత్రం నమ్మడానికి లేదు.

కంపౌండరు లక్ష్మయ్య పెద్ద రిజిస్టరు తెరిచి కలం తుడుచుకున్నాడు. "పేషంటు వయసెంత, పెద్దాయనా?" అని అడిగాడు. "యాభై రాసుకో," అంది ఆండాలు. "అరవై రాసుకో," అన్నాను నేను. "ఇగో, ఇది సంత గాదు. భార్య వయసుకు బేరం జేస్తున్నరా ఇద్దరు?" అని నవ్వి, అతను యాభై ఐదు వేసుకున్నాడు. ఆండాలు నా వైపు తిరిగింది. "నలభై ఏండ్లు సంసారం జేసినవ్, పెండ్లాం ఎప్పుడు పుట్టిందో ఎరుక లేదు. అదే బర్రె అయితే నెలలతోటి సహా చెప్తువు." అది నిజమే. ఏ బర్రెనైనా నా ముందు నిలబెట్టండి, కింది పెదవి ఒకసారి లాగి చూస్తే చాలు. రెండు పళ్ళు పడితే ఇంత, నాలుగు పడితే ఇంత, ఆరు పడితే ఇంత, నిండు పళ్ళయితే ఇంత. ఆ తర్వాత అరుగుదల చూడాలి, మొన విరిగిందా, సందు పడిందా, పన్ను కుదురు కదులుతోందా. పై దవడకు ముందు పళ్ళే ఉండని జీవం అది, ఉన్నవన్నీ కిందివే, ఆ ఎనిమిదింటి మీద దాని బతుకంతా రాసి ఉంటుంది. చాంద్రాయణగుట్ట నుంచి, అవతలి పల్లెల నుంచి కూడా మనుషులు వచ్చి మొగులయ్య చూస్తే చాలు అని నన్ను సంతకు తోడు తీసుకుపోయేవాళ్ళు. నేను చూసేవాణ్ణి. ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. తల అడ్డంగా ఊపితే ఆ బేరం అక్కడితో పోయేది. ఇంతమంది నోళ్ళు చూసిన చెయ్యి, ఇంట్లో ఉన్న మనిషి నోరు ఎన్నడూ చూడలేదు. చూడాలని తోచలేదు కూడా.

బల్ల మీద ఒక బొమ్మ దవడ ఉంది, సున్నంతో చేసినట్టుంది, పిడికిలంత పళ్ళు, వెనక బందు వేసి తెరిచి మూసేలా చేశారు. పైన పదహారు, కింద పదహారు. ఒక్కటీ అరగలేదు. ఇంత తెల్లని నోరు ఎవరికైనా ఉంటుందా? ఇది ముందు పెట్టి, చూశారా మీ నోరు ఎంత చెడిపోయిందో అని భయపెట్టడానికే అనిపించింది. సంతలో కూడా ఇంతే, ముందు ఒక నిగనిగలాడే జీవాన్ని చూపిస్తారు, ఆ తర్వాత మనదాన్ని చూస్తే మనకే రోత పుడుతుంది. డాక్టరు మొదట పరదా తీసి వచ్చి నాకు చెప్పినవి మళ్ళీ మనసులో తిప్పాను. ఎడమ పక్క వెనక రెండు పళ్ళు పుప్పి పట్టి వేరు దాకా పోయాయట, కింద చీము పట్టిందట, అవి తీసేయాలట. ముందరి రెండింటికి చిన్న పుప్పి ఉందట, వచ్చే వారం తొలిచి మసాలా నింపితే ఇంకా పదేళ్ళు నిలుస్తాయట. మిగతా అన్నిటికీ పాచి గట్టిపడి చిగుళ్ళు రక్తం కారుతున్నాయట, అది గీకి శుభ్రం చేస్తాడట. ఒక నోరు, మూడు రకాల పనులు. పాడైన పన్ను పీకడం నాకు అర్థమవుతుంది. పాడైన పన్నుకు మసాలా నింపి నిలబెట్టడం ఎందుకు? నొప్పి లేని పళ్ళను గీకడం ఎందుకు? అడుగుదామనుకున్నాను, అతను నవ్వుతూ చెప్పాడు, నవ్వుతూ చెప్పేవాణ్ణి అడిగితే ఇంకా నవ్వుతాడు. ఒకటి మాత్రం అడిగాను. "తీసిన పండ్లు నా చేతికి ఇస్తవా?" అతను ఆశ్చర్యపోయి, "ఇస్తానండీ, కడిగి మరీ ఇస్తాను," అన్నాడు. ఎందుకడిగానో అతనికి తెలియదు. చార్మినారు దగ్గర ఫుట్‌పాత్ మీద గుడ్డ పరిచి, పీకిన పళ్ళు కుప్ప పోసుకుని కూర్చునే ఒకాయన దగ్గరికి, నేను నడి వయసులో ఉండగా పోయాను. మొదట పక్క పన్ను పీకాడు. నోరు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు అసలుది పీకాడు. నా రెండు పళ్ళూ ఆ కుప్పలో కలిసిపోయాయి, ఏది మంచిదో ఏది చెడ్డదో మళ్ళీ చూసుకునే వీలు లేకపోయింది. పోయిన ఏడు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల లొల్లిలో, కళ్ళు చూస్తామని బండి ఎక్కించుకుపోయి ఇంకేదో కోసి పంపారని బస్తీలో చెప్పుకున్నారు. నిజమో కాదో. పరదా ఉన్న చోట నేను ఏదీ నమ్మను.

పరదా కింద జానెడు ఎడం ఉంది. అందులోంచి డాక్టరు బూట్లు, కుర్చీకి బిగించిన ఇనుప మెట్టు మీద చంద్రమ్మ పాదాలు కనబడుతున్నాయి. మట్టెలు, మడమల పగుళ్ళలో పేడ ఆరిన గీతలు. దవాఖానాకు వస్తూ కాళ్ళు కూడా కడుక్కోనిచ్చినట్టు లేదు ఈ ఆండాలు. సూది అన్న మాట వినబడింది, పాదాల వేళ్ళు ముడుచుకున్నాయి, కాసేపు అట్లాగే ఉండి మెల్లగా విచ్చుకున్నాయి. మొద్దుబారే దాకా ఆగాలి అన్నాడు డాక్టరు. పరదా అంచున మందు వాసన వచ్చింది, ఆ వాసనలో లవంగం వాసన కలిసి ఉంది. నేను ఉలిక్కిపడ్డాను. ఈ వాసన నాకు తెలుసు. ఇది మా ఇంటి వాసన.

ఎన్ని నెలలుగానో తెలియదు, చంద్రమ్మ పక్కనుంచి పోతే లవంగం వాసన వచ్చేది. ఆమెకు పాన్ అలవాటు లేదు. మాంసం వండేది పండుగలకే. అయినా డబ్బాలో లవంగాలు నిలిచేవి కావు. నేను డబ్బా మూత తీసి చూసేవాణ్ణి, ఆమె లేనప్పుడు. ఒక వారం నిండుగా ఉండేది, మరుసటి వారం అడుగున నాలుగు మొగ్గలు. ఎవరికిస్తోంది? ఆండాలుకేనా? ఆండాలు లాడ్ బజార్‌లో లక్క గాజులకు అద్దాలు అతికే పని చేస్తుంది, మగడు పోయిన మనిషి, ఆమెకు ఇస్తే ఇచ్చుకోవచ్చు, దాచడం ఎందుకు? తర్వాత జొన్నరొట్టెలు. నా ముందు నాలుగు చేసేది, నేను రెండు తినేవాణ్ణి, ఆమె తర్వాత తింటానని మూత పెట్టేది. ఒక పొద్దున కుడితి తొట్టిలో చెయ్యి పెడితే నానిపోయిన రొట్టె ముక్కలు తగిలాయి. మరునాడూ తగిలాయి. మనుషులు తినే రొట్టె బర్రెలకు వేస్తోంది, తాను అంబలి తాగుతోంది, ఒళ్ళు సగమైంది, రవిక వదులైంది. నా మీద కోపంతో తిండి మానిందనుకున్నాను. ఎవరో నూరిపోశారనుకున్నాను. ఆ ఎవరో ఆండాలే అనుకున్నాను. నా ముందు నవ్వడం మానేసింది, నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది, అది కూడా నా మీద నవ్వే అనుకున్నాను. ఒక్కొక్కటీ మనసులో మూట కట్టుకున్నాను. ఇప్పుడు ఆ లవంగం వాసన పరదా వెనకనుంచి వస్తోంది. పక్కనున్న ఆండాలు ముఖం చూశాను. ఆమె పరదా వైపే చూస్తోంది, చేతిలో కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది. నొప్పికి పంటి కింద లవంగం పెట్టుకుంటారని నాకు తెలియనిది కాదు. తెలిసీ తట్టలేదు. పంటి నొప్పి ఉన్న మనిషి పంటి నొప్పి అని చెప్పదా? చెప్పకుండా దాచింది అంటే ఇంకేదో ఉండాలి.

అప్పుడు ఆ చప్పుడు మొదలైంది. గర్ర్, గర్ర్. ఆగి, మళ్ళీ గర్ర్. గిన్నెలో నీళ్ళు ఉమ్మిన చప్పుడు, మళ్ళీ గర్ర్. పంటి మీద ఇనుము గీకే ఆ చప్పుడు నా చేతులకు తెలుసు, చెవుల కన్న ముందు చేతులే గుర్తుపట్టాయి. ఎన్నో ఏండ్ల కింద, సుల్తాన్‌బజారులో కొన్న సన్న ఆకురాయి, కొట్టంలో పగటి వేళ తలుపు మూసి, ముసలి బర్రె తల చంద్రమ్మ చేత పట్టించి, అరిగిన పళ్ళ మొనలు నేను రాచాను. పసుపు పాచి గీకాను. సందుల్లో నల్లది తీసేశాను. బర్రె గుడ్లు తేలేసింది, చంద్రమ్మ దాని మెడ నిమురుతూ, "చాలు, చాలు, నొస్తున్నట్టుంది దానికి," అంటూనే ఉంది. నేను ఆపలేదు. పడమటి వెలుగులో చూస్తే దాని వయసు నాలుగేండ్లు తగ్గింది. మరునాడు వైకుంఠం వచ్చాడు, గుడిమల్కాపూర్‌లో కూరగాయలు అమ్మేవాడు, మంచివాడు, పిల్లలకు ఇంటి పాలు కావాలని ఒక జీవాన్ని కొనుక్కుంటున్నాడు. నేనే దాని పెదవి లాగి చూపించాను. నా చెయ్యి చూసి నమ్మాడు, బర్రెను చూసి కాదు. మూడు నెలలకు తిరిగి వచ్చాడు. గడ్డి నమలలేక ముద్దలు ముద్దలుగా కింద పడేస్తోందన్నాడు. "నువ్వే గదనే అన్నా చూపిచ్చింది," అన్నాడు, అంతే, తిట్టలేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అతనే వెనక్కి తిరిగి పోయాడు. చంద్రమ్మ ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. పళ్ళు గీకి తెల్లగా ఎందుకు చేస్తారో నాకు తెలుసు. అమ్మడానికి చేస్తారు. ఇంకో కారణం ఈ లోకంలో ఉందని ఎవరూ నాకు చెప్పలేదు.

గర్ర్ మంటోంది. వినబడే తీరును బట్టి కుడి పక్క. నొప్పి ఎడమ పక్క, వాపు ఎడమ పక్క, వీడు కుడి పక్క ఎందుకు గీకుతున్నాడు? చార్మినారు దగ్గరి పళ్ళ కుప్ప కళ్ళ ముందు కదిలింది. లేచాను. "ఏడికి?" అంది ఆండాలు. కంపౌండరు లక్ష్మయ్య, "పెద్దాయనా, లోపలికి పోవద్దు," అని కుర్చీ వెనక్కి జరిపాడు, కానీ అప్పటికే నా చెయ్యి పరదా మీద ఉంది. పక్కకు లాగాను.

కుర్చీ వెనక్కి వాలి ఉంది. దీపం సూటిగా ఆమె నోట్లో పడుతోంది. నా భార్య నోరు మొదటిసారి చూశాను. ఎర్రటి చిగుళ్ళు, కుడి పక్క గీకిన చోట తెల్లగా, ఎడమ పక్క నల్లగా, పసుపుగా, ఒక గుంటలా. కనురెప్ప వేసినంత సేపే. చంద్రమ్మ కళ్ళు నా వైపు తిరిగాయి. నన్ను చూసింది. చూడగానే టక్కున నోరు మూసుకుంది, డాక్టరు చేతిలోని ఇనుప కడ్డీ పంటికి తగిలి టంగుమంది, అతను చెయ్యి లాక్కున్నాడు. "అమ్మా, నోరు ముయ్యొద్దు, అయ్యో, తెరవండి." ఆమె తెరవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చూపు ఎక్కడ చూశానో నాకు వెంటనే తెలిసింది. నా చెయ్యి దగ్గరికి వస్తే తల ఎగరేసే జీవాల చూపు అది. పెదవి అందనియ్యని జీవాల చూపు. పరదా వదిలేసి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

గడియారం పదీ నలభై. లోపల డాక్టరు బుజ్జగిస్తున్నాడు, బతిమాలుతున్నాడు. కాసేపటికి అతనే బయటికి వచ్చాడు. ఇప్పుడు నవ్వు లేదు. ఎదురుగా కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. "పెద్దాయనా, చూడండి. మొద్దుబారడం ఇంకో అరగంట కూడా ఉండదు. చీము దవడ ఎముక మీదికి దిగింది, మెడలోకి దిగితే ఇక నా చేతిలో ఉండదు, పెద్దాసుపత్రికి పోవాలి, అక్కడికి పోయేలోపు ఏమైనా కావచ్చు. ఇవాళ తియ్యాలి. ఆవిడ నోరు తెరవడం లేదు. నేను బలవంతంగా తెరవలేను." అడుగుదామనుకున్నది ఇప్పుడు నోట్లోంచి వచ్చింది. "నొప్పి ఎడమ దిక్కు. కుడి దిక్కు ఎందుకు గీకినవ్?" అతను నన్ను వింతగా చూశాడు. "ఎడమ పక్క మొద్దుబారేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని. పాచి ఉంటే చిగుళ్ళు వదులై, ఉన్న మంచి పళ్ళు కూడా రాలిపోతాయి. ఉన్నవి నిలబెడదామని గీకాను." నిలబెడదామని. ఆ మాట నేను రెండు సార్లు లోపల అనుకున్నాను. అబద్ధం కోసం వెతికాను, అతని కళ్ళల్లో, చేతుల్లో, కోటు జేబులో. దొరకలేదు. దొరకకపోయేసరికి ఇంకా భయమేసింది, ఎందుకంటే డాక్టరు మోసగాడు కాకపోతే, మరి ఆమె ఎవరికి భయపడి నోరు మూసుకున్నట్టు?

"నీకే, బావా," అంది ఆండాలు, నేను పైకి అన్నట్టు. పైకే అన్నానేమో. ఆమె గొంతు తగ్గించింది. "నీకు చెప్పొద్దని నాతోటి ఒట్టు పెట్టిచ్చుకుంది. మూడు రోజులాయె, జరం కాస్తుంది, ఇగ నా ఒట్టు పాడుగాను. చుక్క యాదికి ఉన్నదా నీకు?" చుక్క ఎందుకు యాదికి ఉండదు. నుదుట తెల్ల చుక్క, చంద్రమ్మ దూడ నాటి నుంచి చేతితో పెంచింది, మెడ తాడుకు మువ్వ కట్టింది, పదహారేండ్లు మా కొట్టంలో ఉంది. "ఒక పొద్దుమీకి దాని పెదవి గుంజి చూసినవట. ఎవ్వలకు ఏం చెప్పలేదట. మా అక్కకు గూడ చెప్పలే. తెల్లారి తోలుకపోయి కసాయోని చేతుల పెట్టి, తాడు పట్టుకొని ఇంటికొచ్చినవట. గప్పటి సంది మా అక్క పన్ను నొస్తుంటే నీ ముందట నోరు తెరువలే. లవంగాలు పెట్టుకుంది, రొట్టె బర్రెలకు ఏసింది, నవ్వుడు బంజేసింది. నేను తిట్టిన, నువ్వేమన్న బర్రెవా అని. ఏమన్నదో ఎరుకనా? 'పండ్లు పోయినదాన్ని ఆయన ఏం జేస్తడో నలభై ఏండ్ల సంది జూస్తున్ననే' అన్నది. నవ్వుకుంట అన్నది. గని నవ్వులాట గాదు బావా అది."

మా కొట్టం గోడకు మేకులు ఉంటాయి. జీవాన్ని అమ్మినా తాడును అమ్మం, తాడు ఇంటికి తెచ్చి మేకుకు తగిలిస్తాం, తాడు పోతే కొట్టం కూడా పోతుందని మా నాయన చెప్పాడు, ఆయనకు ఆయన నాయన. పదకొండు తాళ్ళు వేలాడుతున్నాయి. రోజూ పేడ తీస్తూ ఆ గోడ కిందే వంగి లేస్తుంది చంద్రమ్మ. నేను ఆ గోడను ఎన్నడూ ఆమె చూసినట్టు చూడలేదు. చుక్కను ఏం చెయ్యబోతున్నానో ఆమెకు చెప్పాల్సింది. చెబితే ఏడ్చేది, ఏడిస్తే నా చేత అయ్యేది కాదు, అందుకని చెప్పలేదు. చెప్పకపోవడం మేలు చేయడమనుకున్నాను. చెప్పకుండా చూడడం ఎంత భయపెడుతుందో చూపు పడినవాళ్ళకే తెలుసు కాబోలు. ఇన్ని నెలలు నేను ఆమె మీద మూట కట్టుకున్న అనుమానాలన్నీ ఒక్కొక్కటి విప్పి చూస్తే, లవంగం, రొట్టె, కొంగు చాటు నవ్వు, అన్నిటి అడుగున ఉన్నది నేనే.

పరదా దగ్గరికి పోయి నిలబడ్డాను. ఈసారి తాకలేదు. ఇవతల నిలబడి చెప్పాలి. ఏం చెప్పాలి? చుక్కను కసాయికి ఇవ్వలేదని చెప్పనా? ఇచ్చాను, ఆమెకు తెలుసు. ఏడవద్దని చెప్పనా, ఎవరు చెప్పారు ఆమె ఏడుస్తోందని? కంపౌండరు కలం ఆపి చూస్తున్నాడు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ చూస్తున్నాడు. పరదా కింద ఆమె పాదాలు ఇనుప మెట్టు మీద ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. "చంద్రమ్మా," అన్నాను. పేరు పెట్టి పిలిచి ఎన్నేండ్లయిందో. పాదాలు కదల్లేదు. "నేను జూడను. నేను బయటికి పోతున్న. నిన్ను యాడికీ తోలుకపోను." ఇంకా ఏమైనా ఉందేమోనని వెతికాను. ఉన్నది అంతే. "ఆకురాయి అప్పుడే బాయిల పడేసిన," అన్నాను. అది ఎందుకన్నానో తెలియదు. అది నిజం, ఎవరికీ చెప్పని నిజం.

తిరిగి చూడకుండా బయటికి నడిచి, రోడ్డు దాటి, అవతల సోడా బండి పక్కన నిలబడ్డాను. ఎదురుగా దవాఖానా గోడకు ఇనుప చువ్వల కిటికీ ఉంది, కుర్చీలోంచి చూస్తే నేను కనబడాలి. కనబడుతున్నానో లేదో. డబుల్ డెక్కర్ బస్సు అడ్డం వచ్చింది, పోయింది. రేసుకోర్సు లోపల గుర్రం ఒకటి సకిలించింది, దాని పళ్ళు కూడా ఎవరో చూస్తూ ఉంటారు. సోడా బండి వాడు, "క్యా బాపు, సోడా?" అన్నాడు. వద్దన్నాను. ఆమె నోరు తెరుస్తుందా? నా మాట నమ్మడానికి ఆమెకు ఏముంది ఆధారం? వైకుంఠం నమ్మాడు. చుక్క నమ్మింది, మెడ చాచి వెంట వచ్చింది. నేనే ఆమె స్థానంలో ఉంటే నమ్మను. ఎంత సేపు నిలబడ్డానో, నీడ బండి కిందికి జరిగిపోయింది. ఆండాలు మెట్ల మీదికి వచ్చి చెయ్యి ఊపింది. రమ్మనా, ఆగమనా తెలియలేదు. దాటి పోయాను. "తెరిచింది," అంది ఆమె, "నువ్వు రోడ్డు దాటినవా అని రెండు సార్లు అడిగిచ్చి మరీ తెరిచింది. అయిపోయింది."

చంద్రమ్మ నోటి నిండా దూదితో బయటికి వచ్చింది, చెంప మొద్దుబారి ఒక పక్కకు వాలి ఉంది. నా వైపు చూడలేదు. డాక్టరు ఆండాలుకు చెబుతున్నాడు. గంట సేపు దూది కొరికి పట్టాలి, ఇవాళ వేడివి వద్దు, పుక్కిలించొద్దు, రేపు పొద్దుటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా, మాత్రలు ఐదు రోజులు మానకుండా. బొగ్గుపొడి, ఇటుకపొడి మానాలి, అవి పన్ను మీది పింగాణీని అరగదీస్తాయి. మెత్తని బ్రష్షుతో రెండు పూటలా తోమాలి, పడుకునే ముందు మరీ ముఖ్యం. వచ్చే వారం మసాలా నింపడానికి రావాలి. "ఈసారి పెద్దాయన నోరు కూడా చూద్దాం," అన్నాడు నవ్వి. తర్వాత కాగితంలో చుట్టిన దూది పొట్లం నా చేతిలో పెట్టాడు.

రిక్షాలో విప్పాను. ఆండాలు, "ఛీ, ఇంటికాడ చూసుకో రాదూ," అంది. రెండు దవడ పళ్ళు. పక్కన పుప్పి గుంట, పెసరగింజ పట్టేంత, వేరు దాకా నలుపు. చెడ్డవే. పక్కవి కావు, అసలువే. డాక్టరు మీద మిగిలిన అనుమానం అక్కడితో పోయింది. కానీ నా చెయ్యి ఊరుకోలేదు, తిప్పి పై భాగం తడిమింది. ఆ వయసుకు అరగవలసినంత అరగలేదు. మొనలు నిలిచి ఉన్నాయి, వాటి చుట్టూ పాచి పొర మీద పొర కట్టి ఉంది. నమిలే పక్కన పాచి ఇంతలా కట్టదు. జీవమైతే సందేహం లేకుండా చెబుతాను: ఈ పక్క నమలడం మానేసి మూడేండ్లు. చుక్క పోయి మూడేండ్లు. నేను తలెత్తి చూశాను. చంద్రమ్మ దూది కొరికి పట్టుకుని నా చేతిని చూస్తోంది, నేను ఏం చదివానో తెలిసినట్టే. పొట్లం మూసి జేబులో పెట్టుకున్నాను. ఎప్పటిలాగే ఏమీ అనలేదు. అనకపోవడం ఈసారి బరువుగా ఉంది.

మరునాడు పాలు పిండి ఇళ్ళల్లో పోసి వచ్చి, ఎన్నడూ పోనివాణ్ణి వంటింట్లోకి పోయి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఉప్పు ఎంత వెయ్యాలో తెలియక చిటికెడు చిటికెడుగా వేసి, నాలుక మీద చుక్క వేసుకుని చూసి, చెంబు తెచ్చి అరుగు మీద చంద్రమ్మ పక్కన పెట్టాను. ఆమె చెంబును చూసింది, నన్ను చూసింది, వేలు ముంచి వేడి చూసుకుని మెల్లగా పుక్కిలించింది. తర్వాత నేను ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చుని నోరు తెరిచాను. ఆమెకు తెరిచి చూపించడం నా జన్మలో అదే మొదలు. ఆమెకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, వాచిన పెదవులతోనే, సంతలో నేను అనే మాటే అంది. "వెలుగు దిక్కు తిరుగు." తిరిగాను. రెండు వేళ్ళతో నా కింది పెదవి లాగింది. చార్మినారు దగ్గర పోయిన రెండింటి ఖాళీ చూసింది, కదిలే పన్ను కదిపి చూసింది, అరిగినవాటి మీద బొటనవేలు రాసింది. తొందరపడలేదు. పెదవి వదిలి, కొంగుకు వేళ్ళు తుడుచుకుని లేచి కొట్టంలోకి పోయింది.

ఎందుకు పోయిందో నాకు తెలియలేదు. మేకు మీంచి తాడు ఒకటి దించిన చప్పుడు వినబడింది, దానితో పాటు చుక్క మువ్వ మోగింది. పళ్ళు చూశాక తాడు అందుకోవడం నా పద్ధతే. ఆ వెంటనే, నవ్వబోయి నొప్పికి ఆపుకున్న చప్పుడు. నేను నోరు మూయలేదు.